వైరు కుర్చీలో మళ్లీ కూర్చున్నాను

మా తొర్రూరు గ్రంథాలయంలో ఆరోగ్యం పుస్తకాలకు ఒక బీరువా ఉంది. అందులో నేను తెరవని పుస్తకం లేదు. షుగర్ గురించి ఉన్నాయి, బీపీ గురించి ఉన్నాయి, మోకాళ్ల నొప్పులకు ఒక అర నిండా ఉన్నాయి. తుమ్మితే బట్ట తడిసే ఆడవాళ్ల గురించి మాత్రం ఒకే ఒక్క పుస్తకంలో పేజీన్నర ఉంది. అది ఒక డాక్టరమ్మ రాసింది. ఆ పేజీన్నర నాకు చాలా పనికొచ్చింది. కానీ తడిసిన బట్టతో కూర్చున్న మనిషి తానుగా రాసింది ఆ బీరువాలో ఒక్క ముక్క లేదు. నాలాంటి ఆడది ఒకతె, అడగడానికి ఎవరూ లేక ఆ బీరువా ముందు నిలబడితే, ఆమె చేతికి దొరకాలని ఇది రాస్తున్నాను. సిగ్గుపడాల్సినంత సిగ్గు ఇంతకుముందే పడ్డాను. ఇప్పుడు మిగిలింది చెప్పడమే.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మా పుట్టిన ఊరు జనగామ పక్కన. మా నాయిన జనగామ అంగడికి మేకలు తోలుకుపోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయి, అంగడిలో తప్పిపోతానని గ్రంథాలయంలో కూర్చోబెట్టేవాడు. "జర పిల్లను సూడున్రి సారూ" అని అక్కడి సారుకు అప్పజెప్పి వెళ్లిపోయేవాడు. మేకలు అమ్ముడుపోయాక వచ్చి తీసుకుపోయేవాడు. మొదట బొమ్మలు చూశాను. తర్వాత బొమ్మల కింద ఉన్నది చదివాను. ఆ తర్వాత బొమ్మలు లేని పుస్తకాలూ చదివాను. కొన్నాళ్లకు, అంగడి ఎప్పుడు నాయినా అని నేనే అడగడం మొదలుపెట్టాను.

పెళ్లయి తొర్రూరు వచ్చాను. నా భర్తకు బస్టాండు దారిలో పంక్చర్ల దుకాణం ఉంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పిల్లలు బడికి పోవడం మొదలైన దగ్గరనుంచి మధ్యాహ్నాలు గ్రంథాలయానికి వెళ్తున్నాను. తేనెటీగల గురించి చదివాను, వీలునామాలు రాసే పద్ధతి చదివాను, చంద్రుడి మీద గుంతలెందుకు పడ్డాయో చదివాను. నాకు పట్టా లేదు. మూలలు అరిగిపోయిన సభ్యత్వం కార్డు ఉంది. అది ఎవరికి చూపించడానికైనా నాకు గర్వమే.

కిటికీ పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీ ఒకటి ఉంది. ఏళ్ల తరబడి నేను అందులోనే కూర్చోవడం వల్ల, పేపర్లు చదవడానికి వచ్చే మగవాళ్లు దాన్ని వదిలేసేవాళ్లు. కొత్తవాడెవడైనా కూర్చోబోతే, "అది అక్క కుర్చీ, ఇటు రా" అనేవాళ్లు. మా ఇంట్లో నాకంటూ ఒక కుర్చీ లేదు. కుట్టు మిషను ముందున్నది స్టూలు. అందుకని ఆ మాట వినబడినప్పుడల్లా నాకు లోపల ఎంతో బాగుండేది.

యాభై దాటాక నాకు ముట్లు ఉడిగాయి. ఇక బట్టల బాధ తీరిందనుకున్నాను. ఏడాది తిరగకముందే ఇంకో రకం బట్టల బాధ మొదలైంది. తుమ్మితే చుక్క, నీళ్ల డబ్బా ఎత్తితే చుక్క, గట్టిగా నవ్వితే చుక్క. చుక్కలు పోయి ధార అయ్యే వేళకు పాత చీర ముక్క మడిచి పెట్టుకోవడం అలవాటైంది. పైగా కింద ఎప్పుడూ మంట, ఎండిపోయినట్టు గరుకు. దీనికి మా దిక్కు ఆడవాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే, నీళ్లు తాగకపోవడం. పత్తి ఏరబోయేవాళ్లూ, మిరపకాయల తొడిమలు తీసేవాళ్లూ, దూరం బస్సు ఎక్కేవాళ్లూ పొద్దున్నుంచే గొంతు తడుపుకోకుండా ఉంటారు. నేనూ అదే చేశాను. పక్కన నీళ్ల సీసా పెట్టుకుని, తాగకుండా చదివేదాన్ని.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులవి. ఊరంతా ఘాటు. ఆ రోజు నేను పాత పేపర్ల కట్ట విప్పి చూస్తున్నాను. దుమ్ము, మిరప ఘాటు కలిసి ముక్కులోకి పోయాయి. ఒక తుమ్ముతో ఆగలేదు. తుమ్ము మీద తుమ్ము వచ్చింది. బట్ట ఆపలేకపోయింది. చీర తడిసింది. వైరు కుర్చీ కాబట్టి సందుల్లోంచి కిందికి కారి, బండల మీద చప్పుడైంది. ఆ చప్పుడు నాకు గంట కొట్టినట్టు వినిపించింది. ఎదురుగా పేపరు చదువుతున్న పెద్దాయన తల ఎత్తలేదు. ఎత్తేలోపు నేను నీళ్ల సీసా మూత తీసి, నా ఒళ్లోకీ కుర్చీలోకీ వంచేశాను.

"సార్, నీళ్లు ఒలికినయ్" అన్నాను.

గ్రంథాలయం సారు గుడ్డ తెచ్చి ఇచ్చాడు. "పుస్తకాలు తడ్వలే గదా? గంతే సాలు. నీళ్లే గదమ్మా, ఆర్తయి" అన్నాడు. నేనే కుర్చీ తుడిచాను, బండలు తుడిచాను, సంచి అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు పోలేదు. ఆ వారం పోలేదు. ఎండాకాలం పోయి వానలు పడ్డా పోలేదు. ఎవరైనా అడిగితే పెళ్లిళ్ల జాకెట్లు ఎక్కువున్నాయని చెప్పాను. నిజానికి మధ్యాహ్నం కాగానే నా కాళ్లు వాటంతటవే గడప దాకా పోయి, ఆగిపోయేవి.

నా భర్తకు చెప్పక తప్పలేదు. ఆయన మా వీధిలో సూదులు వేసే డాక్టరును అడిగి వచ్చాడు. ఆ డాక్టరు నన్ను చూడకుండానే తేల్చేశాడు. గర్భసంచి జారింది, తీయించేస్తే అన్నీ పోతాయి, తనకు తెలిసిన చోటు ఉంది, శ్రావణం పోయాక చేయించుకోవచ్చు. మా దిక్కు ఇది కొత్త సంగతి కాదు. కడుపునొప్పి అంటే సంచి తీయిస్తారు, నడుము నొప్పి అంటే తీయిస్తారు. మా వాడకట్టులో నా వయసువాళ్లలో సంచి ఉన్నవాళ్లు తక్కువ, లేనివాళ్లు ఎక్కువ. నేనూ సరేనన్నాను. కుర్చీ దక్కుతుందంటే ఏదైనా తీయించుకునేలా ఉన్నాను.

ఆ ఆపరేషన్ చేయించుకుంటే ఎన్నాళ్లు మంచం మీద ఉండాలో, ఏం తినాలో అడగడానికి మా అక్క దగ్గరికి వెళ్లాను. అక్కను భూపాలపల్లి దిక్కు, మొగుళ్లపల్లిలో ఇచ్చారు. ఆమెకు వయసులో ఉండగానే సంచీ, అండాశయాలూ కలిపి తీసేశారు. బస్సులు మారి, నోరు ఎండబెట్టుకుని చేరాను. పొద్దున లేచి పెరట్లోకి పోతే, దండెం మీద లంగా ఆరేసి ఉంది. దాని కింద, ఎవరికీ కనబడకుండా, మడత పెట్టే కొలతలో చింపిన చీర ముక్కలు వరుసగా ఆరుతున్నాయి. ఆడవాళ్లెవరికైనా ఆ ఆరేసిన తీరు చూస్తే అవి ఏం బట్టలో తెలుస్తుంది.

"అక్కా, గివెవరియే?" అన్నాను.

"ఎవరియైతే నీకెందుకే? ముఖం కడుక్కోపో."

"కోడలియా?"

"కోడలు దుకాణంల కొన్నయి వాడ్తది. గివి నావే."

"నీకు సంచి తీసి ఇరవై ఏండ్లు దాటె. నీకెందుకు బట్టలు?"

అక్క చేతిలోని చీపురు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుంది. "తుమ్ముకొకటి, దగ్గుకొకటి, నవ్వుకొకటి. ఇగ నువ్వొచ్చినవంటే రొండు ఎక్కువ పెట్టుకోవాలె. నవ్విస్తవ్ గద."

"సంచి తీసినంక గూడ గిట్లనేనా?"

"తీసినంకనే ఎక్కువైంది. ఎవలకు చెప్త? మీ బావకు చెప్పనా, దేవునికి చెప్పనా?"

నేను నవ్వాను. ఇద్దరం నవ్వాం. ఇద్దరికీ తడిసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ నవ్వు రాకుండా నోట్లో కొంగు కుక్కుకున్నాం.

తిరుగు బస్సులో నా తల తెరిచిన పుస్తకంలా ఉంది. సంచి జారడం వల్ల కారుతుంటే, సంచే లేని అక్కకు ఎందుకు కారుతోంది? లేని వస్తువు మీద తప్పు ఎలా వేస్తాం? ఇది నేను పుస్తకంలో చదవలేదు. కానీ ఇలా ప్రశ్న వేయడం మాత్రం పుస్తకాల వల్లే వచ్చింది. శ్రావణం సగం అయింది. ఆపరేషన్‌కు ఇంకా వ్యవధి ఉంది. ఇప్పుడు నాకు పుస్తకం కావాలి. పుస్తకం ఉన్న చోటికి పోవడానికి నాకు ముఖం లేదు.

నా కార్డు నా భర్తకు ఇచ్చాను. "ఆడోళ్ల రోగాల పుస్తకం అడిగి తేపో" అన్నాను.

ఆయన ఎప్పుడూ గ్రంథాలయం గడప తొక్కలేదు. సాయంత్రం ఒక పుస్తకం తెచ్చి మిషను మీద పెట్టాడు. అట్ట మీద ఆడమనిషి బొమ్మ ఉంది. తెరిచి చూస్తే కంటి జబ్బుల పుస్తకం.

"ఇదేందయ్యా?"

"ఆడామె బొమ్మ ఉన్నది గదనే."

"ఆమె కండ్లద్దాలు పెట్టుకున్నది సూడలేదా? సార్ను అడగలేదా?"

"నలుగురు మొగోళ్లు కూసున్నరు. వాళ్ల నడుమ నిలవడి ఆడోళ్ల రోగాలని ఎట్ల అడుగుత?"

"ట్యూబుల గాలి పోతే నీ దుకాణం ముంగట అందరు నిలవడి చెప్తలేరా? గిదీ గంతే. పో."

రెండోసారి వెళ్లి తెచ్చిన పుస్తకానికి పేపరు చుట్టి ఉంది. "సార్ను చెవుల అడిగిన. ఏం అనలే. ఆయిననే తీసి, ఆయిననే పేపర్ సుట్టిండు. నువ్వెందుకస్తలేవన్నడు. కుర్చీ గట్లనే ఉన్నదని చెప్పమన్నడు" అన్నాడు.

ఆ పేజీన్నర నేను ఎన్నిసార్లు చదివానో. నాకు అర్థమైనంతవరకు రాస్తాను. ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారవుతుంది. ముట్లు ఉడిగాక అది బాగా తగ్గిపోతుంది. అండాశయాలు తీసేసినవాళ్లకు ఒక్కసారిగా తగ్గుతుంది. యోని గోడలూ, మూత్రం వచ్చే దారీ దాని వల్లే మెత్తగా, తడిగా, బిర్రుగా ఉంటాయి. అది తగ్గితే పలచబడి, ఎండి, మండుతాయి. కాన్పుల్లో సాగిన కింది కండరాలు కూడా ఆ వయసుకు వదులవుతాయి. అప్పుడు తుమ్మో దగ్గో వచ్చి పొట్ట మీద ఒత్తిడి పడితే మూత్రం ఆగదు. చదువుతుంటే నా కళ్లలో నీళ్లు వచ్చాయి. నన్ను ఎన్నడూ చూడని మనిషి నా గురించి రాసింది.

నా భర్తకు చదివి వినిపించాను. ఆయన చేతిలో సైకిల్ చక్రం ఉంది. పిన్ను తీసి, దాని మీది వాల్‌ట్యూబు అనే సన్న రబ్బరు ముక్కను వేళ్లతో నలుపుతున్నాడు.

"గిట్లనే ఉంటదన్నట్టు" అన్నాడు. "రబ్బరు ఎండితే గాలి ఆగదు."

"గప్పుడు నువ్వేం జేస్తవ్? చక్రం ఊడదీసి పారేస్తవా?"

ఆయన ఆ ముక్కను పక్కన పడేసి, కొత్తది తొడిగాడు. తర్వాత, "ఆపరేషన్ వద్దని ఆ డాక్టర్‌కు చెప్పొస్త" అన్నాడు.

వినాయక చవితి తర్వాత అక్కను పిలిపించుకున్నాను. ఇద్దరం తొర్రూరులో మహబూబాబాద్ బస్సెక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. పక్క సీటు ముసలవ్వ "ఏ గుడి వచ్చిందమ్మా?" అని తానూ దండం పెట్టింది.

మహబూబాబాద్‌లో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ మా కూతుళ్ల వయసుది. నేను నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె రాయడం ఆపి తలెత్తింది.

"నర్సుగా చేశారామ్మా?"

"లేదు మేడం. గ్రంథాలయంల చదివిన."

"ఏం చదివారు?"

"అన్నీ" అంది అక్క, నేను నోరు తెరిచేలోపే. "మా చెల్లె చంద్రుని గుంతలు గూడ చదివింది."

నేను ధైర్యం చేసి, "ఈస్ట్రోజన్ గోళీలు రాయండి మేడం" అన్నాను. అక్కడ నా చదువు కుంటుపడింది. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. నోట్లో వేసుకునే హార్మోన్ మాత్ర ఒళ్లంతా తిరుగుతుందనీ, దానివల్ల కొందరికి ఈ కారడం పెరుగుతుందనీ, మాకు కావలసింది యోనిలోనే పెట్టుకునే అదే హార్మోన్ క్రీము అనీ చెప్పింది. ఆ క్రీము కూడా సగం పనే చేస్తుందట. "ఎండింది మెత్తబడుతుంది, మంట పోతుంది, కారడం కొంత తగ్గుతుంది. మిగతా సగం మీ కండరాలతో చేయించాలి" అంది. మూత్రం పరీక్ష, షుగర్ పరీక్ష చేయించింది. ఒక్కొక్కరినే లోపల పడుకోబెట్టి దగ్గమని చూసింది. రొమ్ములో గడ్డలు, రొమ్ము క్యాన్సర్ ఏమైనా ఉన్నాయా, ముట్లు ఉడిగాక మళ్లీ రక్తం కనబడిందా అని అడిగింది. ఇది చదివేవాళ్లు ఈ మాట దగ్గర ఆగాలి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాకే ఆమె చీటీ రాసింది. నా రాత చూసి నేరుగా మందుల దుకాణానికి పోవద్దు.

నీళ్లు మానేశామని చెబితే మాత్రం కోప్పడింది. మూత్రం చిక్కబడి లోపల ఇంకా మంట పెడుతుందని చెప్పి, తన ఎదుటే ఇద్దరిచేతా గ్లాసుడు నీళ్లు తాగించింది. అక్క తాగి, "తిరుగు బస్సుకు గ్యారంటీ ఎవరిస్తరు మేడం?" అంది.

మందు పెట్టే పద్ధతి ఇది. క్రీముతో పాటు ఒక సన్నని గొట్టం వస్తుంది. గుర్తు దాకా అందులో నింపి, పడుకునే ముందు యోనిలోకి పెట్టుకోవాలి. మొదటి రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కండరాలకు వ్యాయామం ఏమిటంటే, అపాన వాయువు ఆపుకున్నట్టు బిగించి, కాసేపు పట్టి, వదలాలి. తుమ్ము వస్తోందని తెలియగానే ముందే బిగించాలి. నేను జాకెట్లకు హుక్కులు కుట్టేటప్పుడు చేసేదాన్ని. హుక్కుకు ఒకసారి బిగింపు. నా దగ్గర కుట్టించుకున్న ఆడవాళ్లందరి జాకెట్ల హుక్కులూ ఆ ఏడాది గట్టిగా ఉన్నాయి.

రెండు వారాలయ్యాక, వారంలో ఏ రెండు రోజులు అన్న ప్రశ్న వచ్చింది. అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది.

"సోమారం నాకు ఒక్కపొద్దు" అంది. "మంగళారం ఆంజనేయస్వామిది. బేస్తారం మీ బావ సాయిబాబా గుడికి పోతడు. శుక్కురారం లక్ష్మీదేవి. శనారం ఎంకన్న. గా దినాలల్ల గసొంటి మందు పెట్టుకుని దీపం ఎట్ల ముట్టిస్తనే?"

"మల్ల ఏం మిగిలినయ్?"

"ఆదివారం, బుధవారం. నీసు వండే దినాలు."

వినడానికి నవ్వొచ్చినా లెక్క చక్కగా కుదిరింది. రెంటికీ నడుమ ఎడం సరిపోయింది. మరిచిపోయే భయం లేదు. పొయ్యి మీద కోడికూరో చేపల పులుసో ఉడికిందంటే ఆ రాత్రి మందు. "నీసు దినం మందు దినం" అని నేనే అక్కకు వల్లె వేయించి పంపాను. ఇంత తేలికగా గుర్తుండే సూత్రం పుస్తకంలో కూడా లేదని నాకు గర్వం.

దసరా వచ్చింది, పోయింది. నాకు ముందు మంట పోయింది. తర్వాత గరుకు పోయింది. దీపావళి వేళకు బట్ట పొడిగా ఉండటం గమనించాను. డబ్బా ఎత్తాను, పొడి. పండక్కి వచ్చిన మనవడితో పరుగెత్తాను, ఒక చుక్క. అయినా గ్రంథాలయానికి పోలేదు. ఇది మందు గుణమా, చలికాలం రాకతో ఊరికే తగ్గిందా, మిరప ఘాటు లేక తుమ్ములు రాకపోవడమా? నాకు తేలలేదు. ఇంట్లో తడిస్తే చీర మార్చుకోవచ్చు. అక్కడ రెండోసారి నీళ్ల సీసా వంచితే నమ్మేవాళ్లు ఉండరు. ఆ కుర్చీలో ఇంకోసారి అలా అయితే మరి జన్మలో పోలేనని నాకు తెలుసు.

కార్తీక పున్నమి దాటాక అక్క ఫోన్ చేసింది. గొంతు దిగాలుగా ఉంది.

"నీ మందు మోసం జేసిందే. అన్నీ మల్ల మొదలైనయ్. మంట, తడి, అన్నీ."

"కసరత్ చేస్తున్నవా?"

"పత్తి ఏరుకుంట చేస్తనే ఉన్న."

"నీళ్లు?"

"తాగుతున్న."

"మందు?"

"మందెట్ల పెడ్తనే? కార్తీకమాసం గద. ఇంట్ల నీసు బంద్."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై మంచం మీద కూర్చున్నాను. "నీసు బందైతే మందెందుకు బందక్కా?"

"నీసు దినం మందు దినమని నువ్వే గదనే చదివిపిచ్చినవ్. నీసు దినమే లేనప్పుడు మందు దినం యాడికెల్లి వస్తది?"

"కార్తీకంల బీపీ గోళి బంద్ పెట్టినవా?"

"అది నోట్లె ఏసుకునేది. దేవుని ముంగట నోటికి దోషం లేదు."

"మిగతా ఒళ్లు గూడ ఆయిననే పెట్టిండు గద."

"నువ్వు చదువుకున్నదానివి, నీకు మాటలస్తయ్" అంది అక్క. కానీ పట్టు వదల్లేదు.

వాదనతో ఆమెను గెలవలేనని తెలుసు. ఆమె నెలంతా చేస్తున్న పని ఏమిటా అని ఆలోచించాను. "కార్తీక స్నానం చేస్తున్నవా?" అని అడిగాను.

"రోజు. చుక్క పొడవంగనే. సన్నీళ్లు."

"మల్లేంది? రాత్రి మందు పెట్టుకుని పండుకో. తెల్లారంగ తలకు పోసుకున్నంకనే గద దీపం ముట్టిచ్చేది. తానం జేస్తే పోని మైల ఉంటదా?"

అవతల అక్క తానం, దీపం అని తనలో తాను గొణుక్కుంది. వెనక మేక అరుస్తోంది. చివరికి, "గదైతే నిజమే" అంది. "గీ సంగతి ముందుగాల చెప్పొద్దానే?" ఆ రాత్రే మొదలుపెట్టింది. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. మా ఇంటి ఆచారానికి మా ఇంటి ఆచారంతోనే జవాబు దొరికింది.

ఫోన్ పెట్టాక నాకు మెల్లగా ఇంకొకటి తట్టింది. అక్కకు కసరత్తు ఉంది, నీళ్లున్నాయి. ఆగింది మందు ఒక్కటే, మళ్లీ మొదలైంది బాధ. నాకూ అదే చలికాలం, అయినా నేను మందు మానలేదు, నాకు మొదలుకాలేదు. అంటే నాలో తగ్గినది ఊరికే తగ్గలేదు. తర్వాత మహబూబాబాద్ డాక్టరమ్మకు చెబితే, ఇద్దరు మనుషులతో రుజువు కాదమ్మా, కానీ మీరు ఆలోచించిన తీరు సరైనదే అంది. నాకు కావలసింది లోకానికి రుజువు కాదు. గడప దాటడానికి చాలినంత నమ్మకం.

కార్తీకం వెళ్లిన వారంలో ఒక మధ్యాహ్నం, సంచిలో నీళ్ల సీసా నిండా నింపి పెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాను. బట్ట పెట్టుకున్నానా అంటే, పెట్టుకున్నాను. ధైర్యం వేరు, జాగ్రత్త వేరు. సారు లేచి, పేపరు చుట్టిన పుస్తకం నా చేతిలోంచి అందుకున్నాడు. పేపర్ల దగ్గరి పెద్దాయన తల ఎత్తకుండానే, "అక్క కుర్చీల ఎవరన్న కూసుంటే లేవున్రి" అన్నాడు. అందులో ఎవరూ లేరు.

కూర్చుని, ఆ రోజు విప్పిన పేపర్ల కట్టనే అడిగి తెప్పించుకున్నాను. కావాలనే విదిలించాను. దుమ్ము లేచింది. ముక్కు చురచురలాడింది. బిగించాను. ఒక తుమ్ము, వెంటనే ఇంకొకటి, గది అదిరేలా మూడోది. కిందికి చూశాను. బండలు పొడిగా ఉన్నాయి. కుర్చీ పొడిగా ఉంది. బట్ట కూడా పొడిగా ఉందని నాకు తెలుస్తోంది. పెద్దాయన "చిరంజీవ" అన్నాడు. నేను సీసా మూత తీశాను. సారు ఆ రోజులాగే గుడ్డ కోసం చూశాడు. నేను వంచలేదు. అందరి ముందూ గటగటా సగం తాగేశాను. ఆ తర్వాత చీకటి పడేదాకా చదివాను. ఏం చదివానో గుర్తు లేదు.

ఈ పనిలో నాకు సాయపడినవాళ్ల పేర్లు వరుసగా రాద్దామనుకున్నాను. అడిగినవాళ్లలో ఒక్కరూ ఒప్పుకోలేదు. కాబట్టి నేను పిలిచే పిలుపులతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. మేకల అంగడి రోజు నన్ను పుస్తకాల మధ్య వదిలిపోయిన నాయినకు. అడగకుండానే పుస్తకానికి పేపరు చుట్టి, కుర్చీ ఖాళీగా ఉంచిన సారుకు. నా తప్పు దిద్ది నా చదువును చిన్నబుచ్చని మేడంకు. పేజీన్నర రాసిన, నేను ఎన్నడూ చూడని డాక్టరమ్మకు. నలుగురిలో నిలబడి సారు చెవిలో అడిగిన నా ఇంటాయనకు. దండెం కింద బట్టలు దాచినా, వాటి సంగతి నా దగ్గర దాచని మా అక్కకు. ఇదంతా ఫోన్‌లో చదివి వినిపిస్తే అక్క చివరిదాకా విని, "నా పేరు రాయకు గని, కార్తీకం ముచ్చట మాత్రం ఇడవకు. నా అసొంటిది ఇంకొకతి ఉంటది" అంది. విడవలేదక్కా.